ఏరుడు బల్ల

పలాసలో జీడిపప్పు ఏరినోళ్లకి
తెలుపంటే ఒక్కటి కాదు.
పాల తెలుపు, గంజి తెలుపు, కాస్త సెగ తగిలిన తెలుపు,
ఆ తరవాతది ఇంక తెలుపు కాదు, దాని దర ఏరు.
ఇరవైరెండేళ్లు ఇదే పని నాది.
గుప్పెడు తీసి బల్ల మీద పరిస్తే
రెండువందల నలభయ్యో, మూడువందల ఇరవయ్యో
లెక్కెట్టకండానే సెప్పీసీదాన్ని.

పోయిన వానల నుంచి
నా బల్ల మీద అన్నీ మంచి పప్పులే.
మాడింది నేదు, మచ్చ నేదు.
ఇదేటి ఇంత మేలు సరుకు దించినాడు సేటు, అనుకున్నాను.
టూబులైటు సుట్టూ మాత్రం గుడ్డు సొనలాగ ఏదో గుండ్రం.
రాత్రి ఎదురొచ్చే లారీకి
రెండు దీపాలు కావు, రెండు ఎలుగు పొదలు.

ఆడపడుచు తేనె ఎయ్యమంది.
ఎదురింటి గున్నమ్మ, "పండాల గదే, పండితేగాని కొయ్యరు" అంది.
ఇదేమైనా జీడితోటా పండడానికి?
అయినా ఆగినాను.
ఒక పంట పొడుగునా ఆగినాను.

కాశీబుగ్గ కంటాసుపత్రిలో ఆ గుంట, పేరు హైమావతి,
నా గెడ్డం పీట మీద పెట్టించి
సన్నటి ఎలుగు గీత లోపలికి పంపింది.
"పైనున్న పొర కాదమ్మా ఇది, గీకితే పోడానికి.
కంటి లోపల పప్పుంటుంది, అద్దంలాంటిది.
అదే మసకేసింది.
తెలుపూ పసుపూ ఇప్పుడు నీకు ఒకటే.
పండేదాకా ఎందుకు? నీ పని ఆగిందంటే
అదే ముహూర్తం."

సుక్కలు. మొహం మీద ఆకుపచ్చ గుడ్డ. ఎవరిదో సెయ్యి, సల్లగా.
పాత పప్పుని నలగ్గొట్టి పీల్చీసినారట,
మడతెట్టిన కొత్త బిళ్లని లోపల ఇప్పినారట.
నాకు తెలిసింది మాత్రం
నీళ్లలో దీపం కదిలినట్టు కదిలిన రంగులే.

మర్నాడు కట్టిప్పితే
నా సీర నీలం!
ఆకుపచ్చదనుకొని కొన్నాను, రెండేళ్లు కట్టినాను.
నా సేతుల మీద ఇన్ని మచ్చలా?
రాత్రికి రాత్రి గోడకి సున్నం కొట్టీసినారేటమ్మా అంటే
హైమావతి పకపకా నవ్వింది.

నెల దాటి బల్ల దగ్గరికెళ్లినప్పుడు సూసినాను.
పక్క బల్ల లోలాక్షి
తన తట్ట అయిపోగానే నా తట్టలోకి సెయ్యి సాపింది.
గబగబా నాలుగు తీసింది,
ఎలుగులో తిప్పి సూసింది,
మంచివే. తిరిగి ఏసీసింది.
అలవాటు.
ఇన్నాళ్లూ నా మాడినవీ మచ్చవీ
మేస్త్రీ రాకముందే ఏరీసిందన్నమాట,
ఒక్క మాట అనకండా.

ఇంకోటి కూడా సూసినాను.
ఎదరున్న పప్పు మీద ఈగ వాలిన గురుతు కూడా దానికి ఆనుతది.
పక్కనెట్టిన టీ గలాసు ఆనదు, తన్నీసింది.
గుమ్మానికి బుజం కొట్టుకుంది, ఒక పూటలో రెండు సార్లు.
"నాకేటీ నేదప్పా, సూదిలో దారం ఎక్కించగల్ను."
ఎక్కించగలవు. నడు.

ఈసారి హైమావతి నవ్వలేదు.
నీటికాసులంది.
నొప్పుండదు, ఎరుపుండదు,
వరదలో మహేంద్రతనయ గట్టు కోసుకున్నట్టు
అంచుల నుంచి కోసుకుంటొస్తదట.
పోయింది రాదట. ఉన్నది ఉంచుకోడానికే సుక్కలు,
రోజూ, బతికినన్నాళ్లూ.
"తోడబుట్టినోళ్లకీ సూపించండి" అంది.
లోలాక్షి గోడ మీది అక్షరాలే సూస్తంది,
అన్నీ సదివేసింది, సిన్నవి కూడా.

నన్నెందుకు కాసినావని నానడగలేదు.
నాకెలగ తెలిసిందని అదీ అడగలేదు.
మేస్త్రీతో గొడవాడి బల్ల మార్పించుకున్నాను.
ఇప్పుడు దాని ఎడం పక్క,
సరిగ్గా దాని సూపు ఎక్కడ ఆగిపోతదో
అక్కడ కూకుంటన్నాను.
టీ గలాసులు రెండూ
నా వైపే.